హరమైన్ చిత్రాలకు ఆద్యుడు ముహమ్మద్ సాదిఖ్ బే

మన ఇళ్లలో గోడలపై సాధారణంగా రెండు చిత్రాలు కనిపిస్తాయి. ఒకటి నల్లని గిలాఫు కప్పిన కాబా గృహం. రెండోది మదీనా మునవ్వరాలోని పచ్చని గుంబద్. హజ్ చేసి వచ్చేవారు జమ్‌జమ్ నీరు, ఖర్జూరాలు, తస్బీహ్‌లు, జానమాజులతోపాటు ఈ చిత్రాలను కూడా తెచ్చి బంధువులకు, ఇరుగుపొరుగు వారికి పంచుతారు. వెళ్లే స్తోమత లేనివారు బజారులో కొని, ఫ్రేము కట్టించి, ఇంట్లో ఎత్తయిన చోట తగిలించుకుంటారు. మన పిల్లలు కాబాను మొదట చూసేది చాలావరకు ఈ చిత్రంలోనే.

ఇంతగా మన జీవితంలో కలిసిపోయిన ఈ చిత్రాలు ఎలా మొదలయ్యాయి? రెండు పవిత్ర హరమ్‌లను మొట్టమొదట కెమెరాతో చిత్రించిన వ్యక్తి ఎవరు? ఈ విషయం మనలో చాలామందికి తెలియదు. ఆయన ఈజిప్టు సైన్యంలో ఇంజనీరు, భూమి కొలిచే సర్వేయరు, హజ్ కాఫిలా ఖజానాకు అమీను. పేరు ముహమ్మద్ సాదిఖ్ బే. 1902లో పరమపదించిన ఆ మహనీయుని జీవిత విశేషాలను ఈ శుక్రవారం పాఠకుల ముందుంచుతున్నాము.

అంగడి సరుకైన దృశ్యాలు

సాదిఖ్ బే చేసిన పని విలువ తెలియాలంటే ఆ కాలంలో ఫొటోల వ్యాపారం ఎలా నడిచేదో ముందుగా తెలుసుకోవాలి.

1839లో ఫ్రాన్సు దేశంలో ఫొటోగ్రఫీ విద్యను లోకానికి వెల్లడించారు. ఆ సంవత్సరం ముగియకముందే ఐరోపా వారు కెమెరాతో ఈజిప్టులో అడుగుపెట్టారు. పిరమిడ్లు, నైలు నది, బైతుల్ మఖ్దిస్ వంటి ప్రదేశాలను చూడాలని ఐరోపా సంపన్నులకు ఎంతో ఉబలాటం ఉండేది. చూసి వెళ్లేవారు గుర్తుగా ఏదో ఒకటి వెంట తీసుకువెళ్లాలనుకునేవారు. చూడలేనివారు ఇంట్లో కూర్చునే చూడాలనుకునేవారు. ఈ కోరికల ఆధారంగా ఒక పెద్ద వ్యాపారం పుట్టుకొచ్చింది.

ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ ఫ్రిత్ 1856 నుంచి 1860 లోపల మూడుసార్లు ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతాలలో తిరిగి గాజు పలకల మీద చిత్రాలు తీశాడు. స్వదేశానికి వెళ్లి వాటిని అచ్చువేసి అమ్మే సంస్థనే నెలకొల్పాడు. ఫ్రాన్సుకు చెందిన ఫెలిక్స్ బోన్‌ఫిస్ 1867లో బీరూట్ నగరంలో స్టూడియో తెరిచాడు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1871 నాటికి, అతని దగ్గర 591 నెగటివ్‌లు, వాటి నుంచి తీసిన 15,000 ప్రతులు పోగయ్యాయి. 1869లో సూయజ్ కాలువ ప్రారంభమైంది. అదే ఏడాది థామస్ కుక్ తన తొలి యాత్రికుల బృందాన్ని ఈజిప్టుకు తీసుకువచ్చాడు. ఇక యాత్రికుల రాకకు అంతులేదు. వారి వెంట ఫొటోల గిరాకీ కూడా పెరిగింది. లక్సర్‌లో ఆంటోనియో బీటో, మరోచోట జంగాకి సోదరులు, ఇలా ఒకరి తర్వాత ఒకరు దుకాణాలు పెట్టారు. ప్రతి చిత్రం అడుగున ఒక నంబరు, ఆ స్థలం పేరు ఉండేవి. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితంపై అచ్చయిన ఆ చిత్రాలను యాత్రికులు కొని, ఆల్బములలో అతికించి, స్వదేశంలో పదిమందికి చూపి మురిసిపోయేవారు.

వ్యాపారమన్నాక కొనేవాని ఇష్టమే చెల్లుతుంది. కొనేవాడు తూర్పు దేశాలను ఎలా ఊహించుకున్నాడో అలాంటి దృశ్యాలనే అమ్మేవాడు తయారుచేశాడు. అక్కడి మనుషులకు వేషం వేసి స్టూడియోలో నిలబెట్టి, బైబిలు కథల్లోని దృశ్యాలుగా, వింత మనుషులుగా చిత్రించి అమ్మిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

ఇంత పెద్ద అంగడిలోనూ రెండు నగరాల చిత్రాలు మాత్రం దొరికేవి కావు. అవి మక్కా, మదీనా. ముస్లిమేతరులకు అక్కడ ప్రవేశం లేదు గనుక ఐరోపా కెమెరాలు ఆ సరిహద్దు దాటలేకపోయాయి. ముస్లిములకు కూడా అప్పటివరకు చేతితో గీసిన బొమ్మలే ఆధారం. తుర్కీలో చేసిన రంగుల పింగాణీ పలకలపైన, 'దలాయిలుల్ ఖైరాత్' గ్రంథపు చేతిరాత ప్రతులలోను, హజ్ చేసినట్లు ఇచ్చే యోగ్యతాపత్రాలలోను రెండు హరమ్‌ల రేఖాచిత్రాలు ఉండేవి. అవి భక్తితో గీసినవే. కానీ కొలతలకు, వాస్తవానికి అవి దూరం.

చదువు, ఉద్యోగం

ముహమ్మద్ సాదిఖ్ కైరోలో జన్మించారు. ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషా తన దేశ యువకులను కొత్త విద్యల కోసం పారిస్‌కు పంపే ఏర్పాటును 1826లో ప్రారంభించాడు. ఆ తర్వాతి తరంలో సాదిఖ్ కూడా స్వదేశంలో చదువు ముగించి, పారిస్‌లోని సుప్రసిద్ధ పాలిటెక్నిక్ విద్యాలయంలో శిక్షణ పొందారు. భూమిని కొలవడం, పటాలు గీయడం ఆయన విద్య. తిరిగి వచ్చి సైన్యంలో చేరారు. కైరో సైనిక పాఠశాలలో చిత్రలేఖనం బోధించారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఫొటోగ్రఫీ ఆయనకు జీవనోపాధి కాదు. ఒక ప్రదేశాన్ని ఉన్నది ఉన్నట్లు నమోదు చేయడమే సర్వేయరు పని. గొలుసు, దిక్సూచి, పటం కాగితం ఎలాంటి సాధనాలో, ఆయన దృష్టిలో కెమెరా కూడా అలాంటి సాధనమే.

1861: మదీనా మునవ్వరా

1861లో ఈజిప్టు పాలకుడు సయీద్ పాషా కాలంలో సాదిఖ్‌కు ఒక ముఖ్యమైన పని అప్పగించబడింది. ఎర్రసముద్రం ఒడ్డునున్న అల్ వజ్హ్ రేవు నుంచి మదీనాకు పోయే దారిని సర్వే చేయడం ఆ పని. మజిలీలెక్కడ, నీళ్లెక్కడ, ఎండవేడి ఎంత, దారిలో ఎవరు నివసిస్తున్నారు అన్నవన్నీ ఆయన నమోదు చేశారు. సర్వే సామగ్రితోపాటు తన కెమెరాను కూడా వెంట తీసుకువెళ్లారు.

ఆ రోజుల్లో ఫొటో తీయడమంటే ఈనాటిలా వేలితో నొక్కే పని కాదు. గాజు పలకపై కొలోడియన్ అనే జిగురు ద్రావకాన్ని సమంగా పోయాలి. చీకటి గుడారంలో ఆ పలకను వెండి లవణం కలిపిన నీటిలో ముంచాలి. తడి ఆరకముందే దాన్ని కెమెరాలో పెట్టి చిత్రం తీయాలి. మళ్లీ తడి ఆరకముందే గుడారంలోకి పరుగెత్తి, మందులతో కడిగి దృశ్యాన్ని వెలికి తీయాలి. ఇదంతా కొద్ది నిమిషాలలో జరగాలి. ఆలస్యమైతే పలక పాడైపోతుంది. చల్లని దేశంలోనే కష్టమైన ఈ పనిని తాగే నీటికే కటకటగా ఉండే హిజాజ్ ఎడారిలో చేయడం ఎంత కష్టమో పాఠకులే ఊహించవచ్చు. గాజు పలకలు, సీసాలు, రసాయనాలు అన్నీ ఒంటెల వీపుల మీదనే రావాలి.

ఆ ప్రయాణంలోనే సాదిఖ్ మదీనా నగరాన్ని, మస్జిదె నబవీని చిత్రించారు. మనకు తెలిసినంతలో ఆ నగరం ఫొటోలో నిలవడం అదే మొదటిసారి. ఆ సమయం కూడా చాలా విశేషమైనది. ఉస్మానీ సుల్తాన్ అబ్దుల్ మజీద్ 1849లో ప్రారంభించిన మస్జిదె నబవీ పునర్నిర్మాణం హిజ్రీ 1277లో ముగిసింది. సాదిఖ్ అక్కడికి చేరిన 1861 తొలి మాసాలు ఆ హిజ్రీ సంవత్సరంలోనివే. అంటే, కొత్తగా పూర్తయిన మస్జిద్ రూపాన్ని ఆయన కెమెరా పట్టుకున్నది.

ఈ ప్రయాణ వివరాలను ఆయన అరబ్బీలో గ్రంథంగా రాశారు. అది 1877లో కైరోలో అచ్చయింది. తనకు ముందు ఎవరూ ఈ పని చేయలేదని ఆయనకు తెలుసు. ఆ మాటను ఆయన ఆడంబరం లేకుండా నమోదు చేశారు.

1880: హజ్ కాఫిలా అమీనుగా

ఆ కాలంలో కాబా గిలాఫును ఏటా కైరోలోనే నేసేవారు. గిలాఫు మక్కాకు బయలుదేరే రోజు ఆ నగరమంతా పండుగ చేసుకునేది. దానితోపాటు మహ్మల్ అనే అలంకరించిన ఖాళీ పల్లకీ ఒంటె మీద కదిలేది. ఈ కాఫిలా వెంటే 'సుర్రా' కూడా వెళ్లేది. సుర్రా అంటే హరమైన్ ప్రజలకు, దారిలోని అరబ్బు తెగలకు ఈజిప్టు ప్రభుత్వం ఏటా పంపే ధనం. ఎడారి దారిలో ఆ సొమ్మును కాపాడి, అందవలసిన వారికి లెక్క ప్రకారం అందజేసే అధికారిని అమీనుస్సుర్రా అనేవారు. పేరులోనే అమానతు ఉంది.

1880లో, అంటే హిజ్రీ 1297 హజ్‌కు, ఆ బాధ్యత సాదిఖ్ బేకు దక్కింది. ఖజానా పెట్టెలతోపాటు ఈసారి కూడా కెమెరా వెంట వచ్చింది. మక్కా ముకర్రమాలో మస్జిదె హరామ్‌ను, కాబా గృహాన్ని, దాని చుట్టూ బారులు తీరిన నమాజీలను, కొండల నడుమ ఒదిగిన నగరాన్ని ఆయన చిత్రించారు. మక్కా నగరానికి సంబంధించి మనకు తెలిసిన తొలి ఫొటోలు ఇవే. ఒక్క పలకలో పట్టని దృశ్యాన్ని వేర్వేరు పలకలపై తీసి, ప్రతులను పక్కపక్కనే చేర్చి ఒకే విశాల దృశ్యంగా కూర్చారు. కాబా తాళాలు సంరక్షించే షైబీ వంశపు పెద్ద వంటి ప్రముఖుల చిత్రాలు కూడా తీశారు.

ఆయన చిత్రాలు 1881లో ఒక సంపుటిగా వెలువడ్డాయి. అదే సంవత్సరం ఇటలీలోని వెనిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ భూగోళ శాస్త్రవేత్తల మహాసభలో ఆయనకు బంగారు పతకం లభించింది. ఐరోపా అంగడి నలభై ఏళ్లుగా సంపాదించలేకపోయిన దృశ్యాలను ఒక ముస్లిం సైనికాధికారి తన కర్తవ్యం నిర్వహిస్తూ లోకానికి చూపించారు.

ఆ తర్వాత కూడా ఆయన ఇదే హోదాలో హజ్‌కు వెళ్లారు. 'మష్అలుల్ మహ్మల్', 'కౌకబుల్ హజ్' అనే గ్రంథాలు రాశారు. 1896లో 'దలీలుల్ హజ్' అచ్చయింది. పేరుకు తగ్గట్టే అది హాజీలకు మార్గదర్శి. లివా హోదా, పాషా బిరుదు పొందిన తర్వాత కూడా ఆయన కలం హజ్ దారిని విడిచిపెట్టలేదు. విదేశీ యాత్రికుడు కొనుక్కునే చిత్రం ఆల్బములో చేరి అక్కడితో ఆగిపోయేది. సాదిఖ్ చిత్రం వెనుక మాత్రం దారి వివరం ఉంది, రేపు రాబోయే హాజీ పట్ల శ్రద్ధ ఉంది.

ధర్మసూక్ష్మం

ఈ సందర్భంలో చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి. ఇస్లాంలో చిత్రాలను నిషేధించారు కదా, మరి కాబా ఫొటో ఇంట్లో పెట్టుకోవచ్చునా అని అడుగుతుంటారు.

దైవప్రవక్త (స) హెచ్చరికలు ప్రాణుల రూపాలను తయారుచేయడానికి సంబంధించినవి. బొమ్మలు గీసి పొట్టపోసుకునే ఒక వ్యక్తి తన వద్దకు వచ్చినప్పుడు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) అతనికి ఆ హెచ్చరిక వినిపించి, గీయక తప్పకపోతే చెట్లు, ప్రాణం లేని వస్తువులు గీసుకోమని దారి చూపినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. అందుకే కొండలు, నదులు, చెట్లు, కట్టడాలు వంటి దృశ్యాలను చిత్రించడంలో ధర్మపండితులకు అభ్యంతరం లేదు. కాబా, గుంబదె ఖజ్రా చిత్రాలు ఈ కోవలోనివే.

మనుషుల ఫొటోల విషయంలో మాత్రం ఉలమాలలో అభిప్రాయభేదం ఉంది. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ ఫొటోను చేతితో గీసిన బొమ్మలా చూడనవసరం లేదని, అది నీడను నిలిపి ఉంచడం వంటిదని వాదిస్తూ ఒక గ్రంథమే రాశారు. మన దేశంలోని ఉలమాలలో చాలామంది దాన్ని అంగీకరించలేదు. పాస్‌పోర్టు వంటి అవసరాలకు మాత్రమే అనుమతించారు. ఎవరు ఏ ఉలమాను అనుసరిస్తారో వారి మాట ప్రకారం నడుచుకోవడం మంచిది.

అయితే చిత్రం ధర్మసమ్మతమైనదైనా దానికంటూ పవిత్రత ఉండదు. కాబా ఫొటోను ముద్దాడటం, దానికి పూలదండ వేయడం, అగరుబత్తీలు వెలిగించడం వంటివి కొన్ని ఇళ్లలో చూస్తుంటాము. ఇది తగదు. మన ఖిబ్లా మక్కాలోని కాబాయేగాని గోడమీది కాగితం కాదు.

చెరిపివేసిన పేరు

సాదిఖ్ బే తన చిత్రాలపై తన పేరు వేసుకున్నారు. ఇది కీర్తికాంక్ష అని కొందరనుకోవచ్చు. పేరు లేకపోతే ఏం జరుగుతుందో తెలియడానికి మక్కాలోనే మరో ఉదాహరణ ఉంది.

1885లో స్నూక్ హుర్‌ఖ్రోన్యే అనే డచ్చి పండితుడు ఇస్లాం స్వీకరించినట్లు ప్రకటించి, అబ్దుల్ గఫ్ఫార్ అనే పేరుతో మక్కాలో కొన్ని నెలలు నివసించాడు. అక్కడ అదే పేరుగల సయ్యద్ అబ్దుల్ గఫ్ఫార్ అనే వైద్యునితో అతనికి స్నేహం కలిసింది. హజ్ సమయం రాకముందే అధికారులు స్నూక్‌ను మక్కా నుంచి పంపివేశారు. ఆ తర్వాత ఆ వైద్యుడు మక్కా దృశ్యాలను, హాజీలను ఫొటోలు తీసి అతనికి పంపేవారు. చిత్రాల మీద తన పేరును, తాను మక్కా వైద్యుడననే మాటను అరబ్బీలో అందంగా రాసేవారు. స్నూక్ 1889లో ఆ చిత్రాలతో పుస్తకం వెలువరించాడు. అందులో ఆ వైద్యుని పేరు లేదు. ఫొటోల మీది చేవ్రాత కూడా చెరిపివేయబడింది. ఎంతో కాలం వాటిని స్నూక్ తీసినవనే లోకం అనుకున్నది. పాత ప్రతులను పరిశోధకులు పోల్చి చూసిన తర్వాతే ఆ మక్కా వైద్యుని పేరు తిరిగి వెలుగులోకి వచ్చింది.

ఇతరుల సొమ్ము తినడం ఖియానతు అని మనం పిల్లలకు నేర్పుతాము. ఇతరుల శ్రమకు వారి పేరు దక్కకుండా చేయడం కూడా ఖియానతే.

ఆ తర్వాత హరమైన్ చిత్రాలు కూడా అంగడిలోకి వచ్చాయి. 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో ఢిల్లీ చాందినీ చౌక్‌కు చెందిన హెచ్.ఎ. మీర్జా అండ్ సన్స్ అనే ఫొటో సంస్థ మక్కా, మదీనా దృశ్యాలను చిత్రించి, పోస్టుకార్డులుగా కూడా వేసి అమ్మింది. హజ్ జ్ఞాపికగా ఫొటో తెచ్చుకునే అలవాటు మన దేశంలో పెరగడానికి ఇలాంటి సంస్థలు కారణమయ్యాయి. ఇందులో తప్పేమీ లేదు. హజ్ రోజుల్లో వ్యాపారం చేసుకోవడానికి దివ్యఖుర్ఆన్ అనుమతించింది. సరుకులో మోసం ఉండకూడదు, అంతే.

ఆ చిత్రాలు నేడు చెబుతున్నది

సాదిఖ్ బే కాలంలో కాబా చుట్టూ హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ మజ్‌హబ్‌ల ఇమాములు నిలబడే నాలుగు మఖామ్‌లు ఉండేవి. ఒక్కో మజ్‌హబ్ వారు తమ ఇమాము వెనుక వేరుగా జమాఅత్ చేసేవారు. జమ్‌జమ్ బావి మీద ఒక కట్టడం ఉండేది. మతాఫ్ ఎంతో ఇరుకు. ఆ మఖామ్‌లు తర్వాత తొలగించబడ్డాయి. ఇప్పుడు అందరూ ఒకే ఇమాము వెనుక నమాజు చేస్తున్నారు. లక్షలాది హాజీల సౌకర్యం కోసం హరమ్‌ను ఎన్నోసార్లు విస్తరించారు. మక్కా కొండపైన ఉస్మానీల కాలంలో కట్టిన అజ్యాద్ కోటను 2002లో కూల్చివేశారు. ఏది మంచి, ఏది కాదు అనే చర్చ ఇక్కడ అనవసరం. మన ముత్తాతలు ఓడలెక్కి వెళ్లి చూసిన మక్కా ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే మాత్రం మనకు సాదిఖ్ బే, డాక్టర్ అబ్దుల్ గఫ్ఫార్ వంటి వారి చిత్రాలే సాక్ష్యం. ఆ రోజు వారు గాజు పలక మోయకపోతే ఈ సాక్ష్యం ఉండేది కాదు.

ఈ రోజు ప్రతి హాజీ చేతిలో కెమెరా ఉంది. తవాఫ్ చేస్తూ ఫోను పైకెత్తి తమను తాము ఫొటో తీసుకునేవారి వల్ల వెనుకవారు ఆగిపోతున్నారు, తోపులాట జరుగుతున్నది. ఎంతో ఖర్చు చేసి, ఏళ్ల తరబడి ఎదురుచూసి చేరిన ఆ సన్నిధిలో దుఆ చేయవలసిన క్షణాలు ఫోను తెర చూసుకోవడంలో గడిచిపోతున్నాయి. అది ఎవరికి చూపించడానికి? ఆరాధనలో ప్రదర్శనబుద్ధి చేరితే దాన్ని రియా అంటారని, అది పుణ్యాన్ని తినివేస్తుందని మనకు తెలియనిది కాదు.

సాదిఖ్ బే కూడా అక్కడ కెమెరా ఎత్తారు. తాను అక్కడ ఉన్నానని చాటుకోవడానికి మాత్రం కాదు. అక్కడికి రాలేనివారికి చూపించాలని, రాబోయేవారికి దారి తెలపాలని ఎత్తారు. సుర్రా సొమ్మును ఎలా అందవలసినవారికి అందించారో, ఆ దృశ్యాన్ని కూడా అలాగే అందించారు. హజ్‌కు వెళ్లే మన సోదర సోదరీమణులు ఆరాధనా వేళల్లో ఫోనును సంచిలో ఉంచాలని, తీరిక వేళ ఒకటి రెండు చిత్రాలు తీసినా ఇంటివద్దనున్న వృద్ధులకు, పిల్లలకు అక్కడి విషయాలు వివరించడానికి వాటిని ఉపయోగించాలని మేము కోరుతున్నాము. ఇంట్లో గోడమీద కాబా చిత్రం ఉన్నవారు ఈ శుక్రవారం పిల్లలను దాని ముందు కూర్చోబెట్టి, ఆ దారిలో గాజు పలకలు మోసుకుపోయిన ఆ సర్వేయరు కథ చెప్పాలని కోరుతున్నాము.

అల్లాహ్ ముహమ్మద్ సాదిఖ్ బే కృషిని స్వీకరించి, మనందరికీ ఆ రెండు హరమ్‌లను కళ్లారా చూసే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.